ఇల్లు కట్టి ‘చూడు’

(స్మృతి నగర్‌లో మన బ్యాంకు ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అందులో ‘కట్టు’ అన్న మాట మనకు బాగానే వినబడుతుంది. ‘చూడు’ అన్నదే వినబడదు. కాగితం చూడాలి, డబ్బు చూడాలి, నేల చూడాలి, పని చూడాలి. ఈ నాలుగింటి గురించే చెబుతాను.

భిలాయిలో సొంతింటి మాటకు బరువెక్కువ. 1959 ఫిబ్రవరిలో ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు ఎందరో సెక్టార్ల క్వార్టర్లలోనే పిల్లల్ని పెంచి పెద్ద చేశారు. రిటైరయ్యాక ఆ క్వార్టరు తాళం అప్పగించాల్సిందే. బ్యాంకు వాళ్ళమైన మనకు దానికి తోడు బదిలీలు. కాబట్టి మొదటి ప్రశ్న ‘ఎంతలో కట్టాలి’ అన్నది కాదు, ‘ఎక్కడ కట్టాలి’ అన్నది. అరవై దాటాక ఏ ఊళ్ళో ఉంటాం? రాత్రివేళ ఒంట్లో బాగోలేకపోతే పిలిస్తే పలికేవాళ్ళు ఎక్కడున్నారు? భార్యాభర్తలు కూర్చుని దీనికి జవాబు తేల్చుకున్నాకే స్థలం వెతకండి. తాళం వేసి ఉంచే ఇంటికి కూడా ఈఎంఐ కట్టాల్సిందే.

ఇక కాగితం. మన ఊళ్ళో ఈసీ, అడంగల్, పాస్‌పుస్తకం అంటాం. ఇక్కడ మాటలు వేరు. ఖస్రా నంబరు, బీ-1, నామాంతరణ్, డైవర్షన్. రిజిస్ట్రీ అయినంత మాత్రాన పని అయిపోలేదు. రెవెన్యూ రికార్డులో పేరు మారడమే నామాంతరణ్. పొలాన్ని ఇంటి స్థలంగా మార్చిన ఉత్తర్వు డైవర్షన్. చవగ్గా వస్తోందంటే సాధారణంగా ఈ రెండింట్లో ఒకటి లేదని అనుమానించాలి. భుయియాఁ పోర్టల్‌లో ఖస్రా నంబరుతో యజమాని పేరు మీరే చూసుకోవచ్చు. బ్యాంకు వకీలు ఇచ్చే సెర్చ్ రిపోర్టును అప్పు కోసం జతచేసే కాగితంలా కాకుండా, మీ కోసం రాసిన ఉత్తరంలా చదవండి.

రెండోది డబ్బు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 30 లక్షల వరకైతే ఆస్తి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. మిగిలింది మన చేతి డబ్బు. నిర్మాణపు అప్పు దశలవారీగా విడుదలవుతుంది. పునాది, స్లాబు, ఫినిషింగ్, ఇలా. చాలా ఇళ్ళు స్లాబు పడ్డాక ఆగిపోతాయి. తలుపులు, వైరింగు, నల్లాలు, టైల్సు, రంగులు, మీటరు, ప్రహరీ అన్నీ అప్పుడే డబ్బు అడుగుతాయి. అంచనా మీద కనీసం పదిశాతం పక్కన పెట్టి, ఆ సంగతి కాంట్రాక్టరుకు తెలియనివ్వకండి.

‘ఎలాగూ కడుతున్నాం, ఇంకో గది వేసేద్దాం’ అనే మాట దగ్గర ఒక లెక్క వేయండి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ అప్పు అయితే లక్షకు నెలకు సుమారు 868 రూపాయలు. మూడు లక్షల గదికి నెలకు 2,604. ఇరవై ఏళ్ళలో ఆ గది ఖరీదు దాదాపు 6 లక్షల 25 వేలు. చుట్టాలు ఏడాదికి నాలుగు రోజులు ఉండే గది కోసం అంత పెట్టాలా అన్నది మీ ఇష్టం.

మన స్టాఫ్ లోను చవకే. కానీ దాని మీద పన్ను ఉంది. స్టేట్ బ్యాంకు రేటుకూ మనం కట్టే రేటుకూ ఉన్న తేడాను పెర్క్విజిట్‌గా లెక్కించి పన్ను వేయడం సరైనదేనని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నెలవారీ లెక్కలో దాన్నీ కలుపుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి సొంతంగా ఉండే ఇంటి అప్పు వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంది. అయితే అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదేళ్ళలోపు ఇల్లు పూర్తి కావాలి.

మూడోది నేల. ఛత్తీస్‌గఢ్ మైదానంలో రైతులు నేలను నాలుగు పేర్లతో పిలుస్తారు. భాఠా, మటాసీ, డోర్సా, కన్హార్. భాఠా గులకరాళ్ళ ఎర్రనేల. కన్హార్ మన నల్లరేగడి లాంటిది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద మామూలు పునాది వేస్తే గోడలు బీటలిస్తాయి. పక్కింటాయన ఎంత లోతు తవ్వాడో అడిగి అంతే తవ్వడం పద్ధతి కాదు. మట్టి పరీక్ష చేయించి, ఇంజినీరు చేత పునాది డిజైన్ చేయించండి. ఆ ఖర్చు మొత్తం ఖర్చులో చాలా చిన్నది. పునాదిలో పొదుపు చేసిన ఇంటికి తరవాత ఎంత రంగు వేసినా దాగదు.

నాలుగోది పని. వానలు తగ్గాక, అక్టోబరు నాటికి మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు స్లాబు పడుతుంది. ఇక్కడ మే నెల ఎండ 44, 45 డిగ్రీలు. కాంక్రీటు తడారిపోతే బలం రాదు. ఉక్కు కర్మాగారపు స్లాగ్ కలిసిన సిమెంటు ఇక్కడ విరివిగా దొరుకుతుంది. మంచి సిమెంటే, కానీ మొదట్లో నిదానంగా గట్టిపడుతుంది. దానికి కనీసం 10 రోజులు, ఎండాకాలం 14 రోజులు నీళ్ళు పట్టాలి. ఎం20 కాంక్రీటుకు ఒక బస్తా సిమెంటు, ఒకటిన్నర వంతు ఇసుక, మూడు వంతుల కంకర. బస్తాకు నీళ్ళు 30 లీటర్లు మించకూడదు. మేస్త్రీ పని సులువవుతుందని జారుడుగా కలుపుతారు. అక్కడ నిలబడి బకెట్లు లెక్కపెట్టడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు.

ఇనుము వచ్చినప్పుడు లారీ తూకం ఒక్కటే నమ్మకండి. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల ఊచ మీటరుకు సుమారు 890 గ్రాములు. స్లాబు పోసే ముందు ఊచల కింద కవర్ బిళ్ళలు ఉన్నాయో లేదో వంగి చూడండి. గోడలు పూసే ముందు పైపులు, వైర్లు ఎక్కడెక్కడ వెళ్ళాయో ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. కాంట్రాక్టరుకు పని కన్నా ముందు డబ్బు ఇవ్వకండి. చివరి విడత కొంత ఆపి, ఒక వానాకాలం గడిచాక ఇస్తామని ముందే ఒప్పందంలో రాసుకోండి.

ఈయన బదిలీ మీద ఎక్కడో ఉంటే ఇవన్నీ చూసేదెవరు? చాలా ఇళ్ళలో ఇంటావిడే. పని ఆవిడది అయినప్పుడు పేరూ ఆవిడది ఉండాలి. స్థలం ఇద్దరి పేరా తీసుకోండి. అప్పుకు సరిపడా బీమా తప్పక చేయండి. కౌంటరు దగ్గర కూర్చునే మనకు తెలుసు. భర్త పోయిన నెలలోనే ఫైలు పట్టుకుని వచ్చే ఆవిడకు, ఆ ఇంటి మీద ఇంకా ఎంత అప్పుందో, బీమా ఉందో లేదో తెలియదు. ఆ మాట మనం చెబుతుంటే వినే ఆవిడ ముఖం చూసిన వాళ్ళెవరూ బీమా ప్రీమియం దండగ అనరు.

అందుకని ఈ వారమే ఒక పని చేయండి. రిజిస్ట్రీ నకలు, అనుమతి ప్లాను, అప్పు ఖాతా నంబరు, బీమా పాలసీ, పన్ను రసీదులు అన్నీ ఒక ఫైల్లో పెట్టి, అందులో ఏముందో ఇంట్లో వాళ్ళకు కూర్చోబెట్టి చెప్పండి. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023లో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అదీ వాళ్ళకు తెలియాలి.

మీ అందరి గృహప్రవేశాలకు నన్ను పిలవండి. భోజనం సంగతి తరవాత, ముందు మేడెక్కి నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తాను.