ఇల్లమ్ముట: ఎప్పుడు, ఎట్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టుటలోని కష్టమునకు సామెత యున్నది గాని, అమ్ముటలోని కష్టమునకు సామెత లేదు. వెనుకటి దినములలో ఇల్లమ్ముట అప్పులపాలైనవాని పని. దానిని గూర్చి నలుగురిలో మాటాడుటయే చిన్నతనముగా నెంచెడివారు. నేడట్లు కాదు. బిడ్డలు పట్టణములలో స్థిరపడిరి. పెద్ద యిండ్లలో ముసలివారము మిగిలితిమి. కావున ఈ విషయమును సిగ్గుపడక మాటాడుకొనుట మేలు. నేను న్యాయవాదిని గాను. ఒకమారు పొరపాటు చేసి, రెండవమారు సరిగా చేసిన వాడను. ఆ రెండును చెప్పెదను.

మాది భోగాపురము దాపున నొక పల్లె. కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోటల నడుమ, సముద్రపు గాలి తగులు ఇసుక నేల. 2015లో అక్కడ విమానాశ్రయమునకు భూసేకరణ మొదలైనది. మొదట పదిహేనువేల ఎకరములన్న మాట వినబడినది. తుదకు రెండువేల రెండువందల ఎకరముల ప్రాంతమున నిలిచినది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో మరియొక ముఖ్యమంత్రి అదే పనికి శంకుస్థాపన చేసిరి. ఈ నడుమ మా అరుగులమీద గజము ధర ప్రొద్దున నొకటి, మాపున నొకటి పలికెడిది. మరడపాలెము, ముడసర్లపేట, బొల్లింకలపాలెము, రెల్లిపేట వాసులు ఊళ్లకు ఊళ్లే విడిచి, పోలిపల్లి, గూడెపువలసలలో కట్టిన కొత్త కాలనీలకు పోయిరి. వారికి ఎప్పుడమ్మవలె నన్న ప్రశ్నయే లేకపోయినది. మాకు ఆ ప్రశ్న మిగిలినది. అది ఎంత విలువగల స్వాతంత్ర్యమో నాకు మొదట తెలిసినది కాదు.

2014 అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుద్ తుపానులో మా పెంకుటిల్లు సగము కప్పు పోగొట్టుకొన్నది. కప్పు వేయించుటకు చేతిలో సొమ్ము లేదు. మరి రెండేండ్లకు ఒక మధ్యవర్తి వచ్చి, నేను కలలోనైన తలపని ధర చెప్పినాడు. కొంచెము బయానా చేతిలో పెట్టి కాగితముమీద వ్రాలు చేయించుకొన్నాడు. ఎవరితోను ఆలోచింపక చేసితిని. ఆ కాగితములో మిగిలిన సొమ్ము ఏనాటికి చెల్లింపవలెనో గడువు లేదు. అతడు చెల్లింపలేదు, వదలలేదు. నాకు తెలియకయే ఆ కాగితము చేతులు మారినది. తరువాత నిజముగా కొనవచ్చిన వారికి అది చూపి బెదరించిరి. పుచ్చుకొన్న బయానాకు పైన మరికొంత చేర్చి యిచ్చి, రద్దుపత్రము వ్రాయించుకొని బయటపడితిని.

తప్పు గడువు లేకపోవుటలో నున్నది. కరారు ప్రకారము రిజిస్టరు చేయుమని దావా వేయుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము మూడేండ్లిచ్చినది. గడువు వ్రాసియున్న, ఆ తేదీనుండి మూడేండ్లు. వ్రాయనిచో, అమ్మువాడు నిరాకరించినట్లు కొనువానికి తెలిసిన దినమునుండి మూడేండ్లు. అనగా గడువులేని కాగితము మన తలమీద ఎంతకాలమైన వ్రేలాడవచ్చును. కావున బయానా పుచ్చుకొనువారు తేదీ వేయింపుడు. ఆ తేదీ దాటినచో ఏమగునో అదియు వ్రాయింపుడు.

ఇక ఎప్పుడన్న మాట. ధర పెరిగినపుడమ్మవలెనని కొందరు, ఇంకను పెరుగును ఆగుమని కొందరు చెప్పుదురు. ఇరువురును మన మంచమెక్కడ వేయుదుమో చెప్పరు. నా భార్య పోయిన తరువాత పెద్దకుమారుడు, "నాన్నా, ఇల్లమ్మి మా దగ్గరకు రండి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నేను అమ్మలేదు, తాళము వేసి విశాఖపట్టణములో మూడు నెలలుండి చూచితిని. కోడలు ఆదరముగా చూచినది. అయినను మూడవ అంతస్తునుండి దిగలేక, పలుకరించు తోడు లేక, ప్రొద్దు గడచుట దుర్భరమైనది. ఇల్లు ముందే అమ్మియున్నచో ఆ సంగతి తెలిసినను ప్రయోజనముండెడిది కాదు. తిరిగివచ్చి, భోగాపురములోనే బస్సునకు, వైద్యునకు దగ్గరగా చిన్న యిల్లు చూచుకొంటిని. అది కుదిరిన తరువాతనే పాత యింటి ధర మాట ఎత్తితిని. మన శేషజీవితము ఎక్కడ, ఎవరితో, ఏ ఆధారముతో గడుచునో తేలినది అమ్ముటకు తగిన సమయము. అది తేలని దినమున ఎంత ధర వచ్చినను తక్కువే.

మా యింటిలో మా అప్పకు భాగమున్నది. తండ్రి స్వార్జితమున, వీలునామా లేనిచో, కుమార్తెకు సమభాగమని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము. పిత్రార్జితమునందును ఆమెకు పుట్టుకతోనే హక్కని 2005 సవరణ. ఆనాటికి తండ్రి బ్రదికియుండ నక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీముకోర్టు తేల్చినది. నేను మొదటి కాగితము వ్రాసినపుడు అప్పతో ఒక మాటైన చెప్పలేదు. రెండవమారు ఆమె యింటికి పోయి కూర్చుంటిని. ఆమె అన్నది: "తమ్ముడూ, నాకు డబ్బు మీద ఆశ లేదు. కాని అది నేను పుట్టిన యిల్లు. అమ్మినాక చెప్పితే వార్త. అమ్మకముందు చెప్పితే గౌరవము." నాకు మాట రాలేదు. ఆమె భాగము ఆమె పేరనే బ్యాంకులో వేయించితిని. వద్దన్నది, తరువాత పుచ్చుకొన్నది. ఆడబిడ్డల వ్రాలు లేని దస్తావేజు కొన్నవానికి చిక్కు, అమ్మినవానికి అపకీర్తి.

కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. మన యిండ్లలో పెక్కు గ్రామకంఠములో నున్నవి, పట్టా యుండదు. ఇంటిపన్ను రశీదులు, పాత పంపకపు కాగితములు, విద్యుత్తు బిల్లులే అనుభవమునకు సాక్ష్యము. వానిని తొలుత ఒకచోట చేర్చుడు. గ్రామములలోని నివాసస్థలములను కొలిచి హక్కుపత్రము లిచ్చుటకు 2020లో స్వామిత్వ పథకము వచ్చినది. మీ యిల్లు ఆ కొలతలో సరిగా ఎక్కినదా అని సచివాలయములో విచారింపుడు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఈ.సి. తీసి చూడుడు, మీకు తెలియని తాకట్టుండవచ్చును. నూరు రూపాయలకు మించిన స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లునని 1882 నాటి చట్టము చెప్పుచున్నది. జనరల్ పవరు పత్రముతో అమ్మకము పూర్తికాదని 2011లో సుప్రీముకోర్టు చెప్పినది. కావున పవరు వ్రాసిచ్చి ఇంట కూర్చుండకుడు.

తుదకు ధర. సగము దస్తావేజులో, సగము చేతిలో అని కొనువారు అడుగుదురు. ఇరువది వేలు, అంతకు మించిన సొమ్ము ఇంటి అమ్మకమునకు నగదుగా పుచ్చుకొనుట ఆదాయపుపన్ను చట్టమునకు విరుద్ధము. అంతకన్న పెద్ద కారణ మొకటి కలదు. 2013 నాటి భూసేకరణ చట్టము క్రింద ప్రభుత్వము భూమి తీసికొన్నపుడు, పరిహారమునకు మూలమైన విలువ కట్టుటలో ఇరుగుపొరుగున రిజిస్టరైన దస్తావేజుల ధరలను చూచును. మనము తక్కువ వ్రాయించుకొన్న ధర, రేపు పొరుగువాని పరిహారమును తగ్గించును. పన్ను భయముండనక్కరలేదు: అమ్మినపుడు వచ్చిన లాభమును రెండేండ్లలో మరియొక యిల్లు కొనుటకో, మూడేండ్లలో కట్టుకొనుటకో వినియోగించినచో మినహాయింపు కలదు. పాత యింటికి 2001 ఏప్రిలు 1వ తేదీ నాటి విలువనే కొన్న ధరగా చూపుకొనవచ్చును. తెలిసిన ఆడిటరు నడిగిన చాలును.

సొమ్ము చేతికి వచ్చిన దినముననే బిడ్డలకు పంచి యిచ్చుట మనలో నున్న మరియొక అలవాటు. ముందు మీ పేర చిన్న యిల్లు, మీ పేర కొంత డిపాజిటు, మిగిలినది బిడ్డలకు. నేనట్లే చేసితిని. కుమారులు మొదట ముఖము చిన్నబుచ్చుకొనిరి. ఇప్పుడు పండుగకు వచ్చి నా యింటనే దిగుచున్నారు.

ఇల్లు అప్పగించిన దినమున అప్పయు నేనును నూతిలో కడపటి చేద తోడుకొని, కొబ్బరిచెట్ల మొదళ్లలో పోసితిమి. కొన్నవారు ఇంట పసిబిడ్డలున్న కుటుంబము. ఆ మధ్య దారిన పోవుచు చూచితిని. కప్పు క్రొత్తగా వేయించినారు, అరుగు మీద పిల్లలాడుకొనుచున్నారు. నేను పోషింపలేని యింటిని మరియొకరు పోషించుచున్నారని సంతోషించితిని.