సెలవు రోజు డ్యూటీ చేశారా? ఆరు నెలలు దాటితే ఆ సీసీఎల్ పోయినట్టే!

మీ ఇంట్లో పంచాయతీ కార్యదర్శో, సచివాలయం ఉద్యోగో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపించేయండి.

ఐటీలో మేం శనివారం పని చేస్తే సోమవారం కాంప్-ఆఫ్ అడిగేవాళ్ళం. గవర్నమెంట్‌లో దాని పేరు సీసీఎల్, కాంపెన్సేటరీ క్యాజువల్ లీవ్. సెలవు రోజున ఆఫీసుకి పిలిచి పని చేయిస్తే బదులుగా ఇంకో రోజు సెలవు. మీ 15 సీఎల్స్‌లోంచి ఇది తగ్గదు. కానీ ఏడాదికి 10 మించకూడదు, పని చేసిన రోజు నుంచి ఆరు నెలల్లో వాడేయాలి. ఈ రెండోదే అసలు తంటా.

తిత్లీ గుర్తుందా? 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున మన పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. వారం తిరిగేసరికి, 18న, విజయదశమి. నష్టం రాయాలి, తాగునీళ్ళు అందించాలి, ఇంక పండగేటి? ఆ రోజు డ్యూటీ చేసినోళ్ళ లెక్క చూడండి. ఆరు నెలలంటే 2019 ఏప్రిల్ 18 వరకే గడువు. మార్చి 10న ఎన్నికల షెడ్యూల్, ఏప్రిల్ 11న పోలింగ్! తుపాను పని సర్దుకునేసరికి ఎలక్షన్ పని. మరి సెలవు ఎప్పుడు పెట్టుకోవాలి?

అమెరికాలో లోకల్ గవర్నమెంట్ ఉద్యోగులకి ఓవర్‌టైమ్ డబ్బుకి బదులు సెలవు ఇవ్వొచ్చు. గంట ఎక్కువ చేస్తే గంటన్నర సెలవు. మామూలు ఉద్యోగులకి 240 గంటల దాకా, పోలీసు, ఫైర్ వాళ్ళకి 480 దాకా పోగేసుకోవచ్చు. వాడకుండా ఉద్యోగం మానేస్తే మిగిలినదానికి డబ్బు కట్టాల్సిందే. మనకి మాత్రం గడువు దాటితే సున్నా. నాకైతే ఇది అన్యాయంగానే కనిపిస్తోంది. తుపాను, ఎలక్షన్ లాంటి సమయాల్లో గడువు పెంచడానికి కష్టమేటి?

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. "రేపు వచ్చేయండి" అని నోటితో చెప్తే సరిపోదు, ఆర్డర్ కాగితం అడగండి. ఆ రోజు హాజరులో సంతకం పెట్టండి. వారంలోపే సీసీఎల్‌కి లెటర్ ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అడగడానికి మొహమాటపడితే ఆరు నెలలు ఇట్టే అయిపోతాయి.

ఇంకొక్క మాట. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను చూసి మనం ఇంటికొచ్చేస్తాం. ఆ రోడ్లు ఊడ్చేవాళ్ళలో అవుట్‌సోర్సింగ్ వాళ్ళూ ఉంటారు. నేను చెప్పిన సీసీఎల్ రెగ్యులర్ ఉద్యోగుల రూలు. వాళ్ళైతే ముందు తమ అగ్రిమెంట్‌లో వారాంతపు సెలవు, పండగ సెలవుల గురించి ఏం రాశారో చూడాలి. దాని మీద వేరే ఎపిసోడ్ చేద్దాం. ఉంటానండి!