యంత్రం వ్రాసిన దానికి బాధ్యులెవరు?

(శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు మనం చర్చించబోయే విషయం పైకి మనది కానట్లు కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ రంగంలోకి కృత్రిమ మేధ ప్రవేశించింది. అడిగిన ప్రోగ్రామును అది నిమిషాలలో వ్రాసి ఇస్తున్నది. దానిని పరిశీలించి ఆమోదించే బాధ్యత ప్రోగ్రామరుపై పడుతున్నది. హైదరాబాదు, బెంగుళూరు కార్యాలయాలలో ఆ పని చేస్తున్నవారిలో మన రైల్వే, తపాలా క్వార్టర్లలో పెరిగిన బిడ్డలు ఎందరో ఉన్నారు. అటువంటి ప్రోగ్రాములే రేపు మన కౌంటర్ల మీదికి వస్తాయి. కనుక ఇది మన విషయమే.

పర్యవేక్షణ లోపిస్తే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసు ఉదంతం చెబుతుంది. ఫుజిట్సు సంస్థ రూపొందించిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థను అక్కడ 1999 నుండి శాఖలలో ప్రవేశపెట్టారు. కంప్యూటరు నగదు తక్కువైనదని చూపితే యాజమాన్యం కంప్యూటరునే నమ్మింది. సబ్ పోస్టుమాస్టర్లను దొంగలన్నది. 900 మందికి పైగా దోషులుగా నిర్ణయింపబడ్డారు. కొందరు జైలుకు వెళ్లారు. మరికొందరు లేని లోటును సొంత సొమ్ముతో పూడ్చి దివాలా తీశారు. 555 మంది కలిసి దావా వేసి పోరాడిన మీదట, లోపాలు వ్యవస్థలోనే ఉన్నవని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయడానికి 2024లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.

హొరైజన్ కృత్రిమ మేధ కాదు, మనుష్యులు వ్రాసినదే. మనుష్యులు వ్రాసినదానినే సరిగా పరీక్షించక ఇంత అనర్థం జరిగినప్పుడు, యంత్రం వ్రాసినదాని విషయంలో ఎంత జాగ్రత్త అవసరం! యంత్రం తప్పును కూడా ఒప్పంత ధీమాగా వ్రాస్తుంది. వ్రాసే వేగం పెరిగినా మనిషి చదివి అర్థం చేసుకొనే వేగం పెరగలేదు. పరీక్షలను సైతం అదే యంత్రం చేత వ్రాయిస్తే, విద్యార్థి తన జవాబు పత్రాన్ని తానే దిద్దుకొన్నట్లవుతుంది.

ఈ సూత్రం మనకు కొత్త కాదు. గేటుమన్‌తో ప్రైవేటు నంబరు మార్చుకొనకుండా గేటు మూసినట్లు స్టేషను మాస్టరు భావించడు. తపాలా ఖజానాకు ఇద్దరి తాళాలుంటాయి. ఒకరి పనిని వేరొకరు సరిచూడటం అవిశ్వాసం కాదు. ప్రాణానికీ, ప్రజల సొమ్ముకూ రక్షణ.

మరొక మాట. ఆవిరి ఇంజన్ల కాలంలో బొగ్గు వేసిన ఫైర్‌మన్ క్రమంగా డ్రైవరయ్యేవాడు. వ్రాసే పని యంత్రానికి అప్పగించి కొత్తవారిని చేర్చుకొనడం మానివేస్తే, రేపు యంత్రాన్ని తప్పు పట్టగలవారు ఎక్కడి నుండి వస్తారు?

మనం యంత్రాన్ని ద్వేషించడం లేదు. మన కోర్కెలు ఇవి:

1. పరిశీలనకు తగిన సమయాన్ని పనిగంటలలో లెక్కించాలి.
2. తృప్తి కలగని ప్రోగ్రామును నిలిపివేసే హక్కు ప్రోగ్రామరుకు ఉండాలి. అందుకు శిక్ష ఉండరాదు.
3. కంప్యూటరు లెక్క ఒక్కటే ఆధారంగా ఏ ఉద్యోగికీ చార్జిషీటు ఇవ్వరాదు.

సమయమివ్వక సంతకం మాత్రం కోరడం పర్యవేక్షణ కాదు, నిందను కిందివాని నెత్తిన రుద్దడం. ఆ సంతకం చేసే ప్రోగ్రామరూ, దాని ఫలితం అనుభవించే గుమాస్తా ఒకే వర్గపు బిడ్డలు. వారిని సంఘంలోకి ఆహ్వానిద్దాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!