ఒక్క పెగ్గేరా అనకండి

 

యాభై ఏళ్ళ పండుగలో ఈ మాట ఎందుకు అనుకుంటారేమో. మా బ్యాచ్‌లో ఒక మిత్రుణ్ణి తాగుడు తీసుకుపోయింది. ఇంకొక మిత్రుడు మానేసి ఇవాళ మన మధ్యే కూర్చున్నాడు. అతను చెప్పమన్నాడనే చెబుతున్నాను.

అతణ్ణి నిలబెట్టినవి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను వీటికి నాంది పలికారు. ఇద్దరూ తాగుడుతో నలిగినవాళ్ళే. మన దేశానికి 1957లో వచ్చాయి. ఫీజు లేదు. ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు తన కథ చెబుతుంటే మిగతావాళ్ళు వింటారు. మొదటిరోజు నోరు విప్పకుండా కూర్చున్నా ఫరవాలేదు. "ఈ ఒక్కరోజు తాగను" అన్నదే అక్కడి లెక్క. మా ఇంజినీర్ల భాషలో ఇది ఒకసారి చేసి వదిలేసే రిపేరు కాదు, రోజువారీ మెయింటెనెన్సు.

మీటింగు ఎక్కడుందో డీఅడిక్షన్ సెంటరులో అడగండి. 14446 ఉచిత హెల్ప్‌లైను కూడా ఉంది. చర్చి హాల్లో జరిగినా మతంతో పనిలేదు. ఒకచోట మనసు కుదరకపోతే ఇంకోచోటికి వెళ్ళండి. ఇంట్లోవాళ్ళకు అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. ఒక్క జాగ్రత్త: ఏళ్ళ తరబడి రోజూ తాగేవారు హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టరును కలవాలి.

మనందరి చేతిలో ఉన్నది ఒకటుంది. సాయంత్రం గెట్‌టుగెదర్‌లో ఎవరైనా "నాకొద్దురా" అంటే "ఒక్క పెగ్గేరా" అని బలవంతం చేయకండి. కారణమూ అడగకండి. మజ్జిగ గ్లాసు అందించి పక్కన కూర్చోండి.

సెలవు.