కొబ్బరి పీచులోని కోణం



అండమాన్‌లోని మన చౌల్దారీలో కొబ్బరి డొక్క ఎరగనివాళ్లు ఉండరు. పట్టాలు అందుకున్న పిల్లల్లారా, మీలో చాలామంది తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. వాళ్లకు గోగునార కూడా తెలుసు. గోగునార పోగు రెండు మూడు శాతం సాగేసరికి తెగిపోతుంది. కొబ్బరి పీచు 15 శాతానికి పైగా సాగుతుంది. రెండింటిలోనూ బలం సెల్యులోజ్ అనే గొలుసు అణువులదే. మరి ఈ తేడా ఎక్కడిది?

అది తెలుసుకోవడానికి పీచుల కట్ట గుండా సన్నటి ఎక్స్-రే కిరణాన్ని పంపి, వెనక ఫిల్ము పెడతారు. సెల్యులోజ్ గొలుసులో ఒకే అమరిక ప్రతి 10.3 ఆంగ్‌స్ట్రామ్‌లకు, అంటే మిల్లీమీటరులో సుమారు పదిలక్షలో వంతుకు, మళ్లీ వస్తుంది. ఆ క్రమం వల్లే ఫిల్ము మీద చుక్కలు పడతాయి. గొలుసులు పోగు పొడవునా నిటారుగా ఉంటే చుక్కలు చిన్నవి. ఏటవాలుగా చుట్టుకుని ఉంటే అవి వంపు గీతలుగా సాగుతాయి. ఆ గీతను కొలిచి వాలు ఎంతో లెక్కకడతారు. గోగు, జనపనారల్లో అది 10 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కొబ్బరి పీచులో 30 నుంచి 45 డిగ్రీలు! అందుకే లాగితే ముందు స్ప్రింగులా విప్పుకుంటుంది, ఆ తర్వాతే తెగుతుంది.

ఈ ఎక్స్-రే పద్ధతి 1912లో మొదలైంది: జర్మనీలో శాస్త్రవేత్త లావే బృందం స్ఫటికాల గుండా ఎక్స్-రేలు పంపింది. మరుసటి ఏడే జపాన్‌లో నిషికావా, ఓనో అనే శాస్త్రవేత్తలు వెదురు, పట్టు వంటివాటి మీద ఆ పని చేశారు. రత్నాల కోసం వెతకలేదు, చేతికందినవే తీసుకున్నారు. నాకు వాళ్లంటే అందుకే గౌరవం.

ఈ దీవుల్లోని సెల్యులార్ జైల్లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల చేత డొక్కలు దంచించి ఈ పీచే తీయించారు. రోజుకింత అని లెక్క, తగ్గితే శిక్ష. డొక్క ఎందుకంత మొండిదో ఈనాడు చెప్పగలం: పీచులో 40 శాతం దాకా లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంది, గోగునారలో అందులో సగమైనా ఉండదు. కొబ్బరి తాడు ఉప్పునీట్లో త్వరగా కుళ్లకపోవడమూ దానివల్లే. ఆ ఖైదీల అరచేతులు చీల్చిన మొండితనమే పడవ తాళ్లకు ఆయువు పోసింది.

మీలో ఎవరైనా పై చదువులకు విశాఖపట్నమో, పుదుచ్చేరో వెళితే ఈ ఊరి డొక్క ఒకటి వెంట తీసుకెళ్లండి. కాయ లేతదా ముదురా, చెట్టు సముద్రపు ఒడ్డుదా కొండవాలుదా అన్నది రాసిపెట్టుకుని పీచులో ఆ వాలు కోణం కొలవండి. తేలిన సంగతి ఇక్కడ తాళ్లు పేనేవాళ్లకు, వాళ్ల వాళ్ల భాషల్లోనే, తెలుగులోనో, హిందీలోనో, బెంగాలీలోనో, వచ్చి చెప్పండి.