రూపాయి తేడా
(మొయినాబాద్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, పండితుణ్ణి కాను. జరిగింది చెబుతాను.

2021 పీఆర్సీతో మనకు 70 ఏళ్లు నిండగానే 15 శాతం అదనపు పెన్షన్ వచ్చింది గదా. సభ్యుల లెక్కలు సరిచూసేందుకు మా మనవరాలి దగ్గర పైథాన్ నేర్చుకుని పది వరుసల ప్రోగ్రాం రాశాను. బేసిక్‌ను 15తో హెచ్చవేసి, 100తో భాగించి, పైసలను రూపాయికి సవరించడానికి ‘రౌండ్’ అనే ఆజ్ఞ పెట్టాను. జాబితా అచ్చు తీసి పంచాను.

మూడో రోజు చేవెళ్ల నుంచి ఒక పెద్దాయన ఫోన్. నాకు బిల్లు రాయడం నేర్పినవారు. "నాకు రూపాయి తక్కువేసినవేందయ్యా?" అన్నారు. "మిషన్ తప్పు చెయ్యదు సార్, మీరే ఇంకోసారి చూసుకోండి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

రాత్రి కాగితం మీద వేశాను. ఆయన బేసిక్ 20,030. అందులో 15 శాతం 3,004 రూపాయల 50 పైసలు. యాభై పైసలొస్తే పై రూపాయి వేయడం మన అలవాటు, 3,005 కావాలి. మిషన్ 3,004 అంటోంది. పోనీ ఎప్పుడూ తగ్గిస్తుందా అంటే అదీ కాదు. 20,010 బేసిక్ వారికి 3,001.50 వస్తే 3,002 సరిగ్గానే వేసింది! ఎర్రర్ అని చూపిస్తే వెతకవచ్చు. నోరు విప్పకుండా తప్పు జవాబిస్తే ఎక్కడని వెతకడం?

యాభై పైసలు వచ్చిన పేర్లన్నీ ఒకచోట రాసి చూశాను. మిషన్ వేసిన అంకెలన్నీ సరి సంఖ్యలే. మనవరాలిని అడిగితే చెప్పింది: 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి, సరిగ్గా సగం వస్తే దగ్గరి సరి సంఖ్యకే పోతుందట. పైథాన్ 2 మనలాగే పైకి వేసేది. అన్నిటినీ పైకే వేస్తూ పోతే పెద్ద జాబితాలో మొత్తం పెరిగిపోతుందని ఈ పద్ధతి. న్యాయమే గానీ, మన బిల్లు పద్ధతి కాదు.

అందుకని పైసల జోలికే పోలేదు. బేసిక్‌ను 15తో హెచ్చవేసి, 50 కలిపి, 100తో భాగించి శేషం వదిలేయమన్నాను. 3,00,450కి 50 కలిపితే 3,00,500. జవాబు 3,005.

మర్నాడు బీజాపూర్ రోడ్డు మీద బస్సెక్కి చేవెళ్ల వెళ్లి, కొత్త జాబితా ఇచ్చి క్షమించమన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, అన్ని పేర్లూ చేత్తో లెక్క సరిచూశాకే చాయ్ తెప్పించారు.

పాత జాబితా ఉన్నవారు దయచేసి కార్యదర్శి గారికి ఇచ్చి కొత్తది తీసుకోండి.