మరుగుదొడ్డి కట్టిన చాలదు, నిలుపవలెను
(అండమాన్ నికోబార్ ఆరోగ్య కేంద్రములపై ప్రసంగ పాఠము)



రైలుపట్టా లేని అండమాన్ నికోబార్ దీవుల ఆరోగ్య కేంద్రములను గూర్చి ఈ సభలో ఎందుకు మాట్లాడుచున్నామని మీరడుగవచ్చును. అచ్చట రైలు లేకపోయినను తపాలా కలదు. పశ్చిమ బెంగాల్ సర్కిల్ క్రింద మన తపాలా సోదరులు దీవి దీవికి ఉత్తరములు చేర్చుచున్నారు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవుల ప్రజలు 3,80,581 మంది. వారిలో నూటికి పదిమందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. పేదవానికి జబ్బుచేసినచో మొదటి దిక్కు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే.

ఆ కేంద్రమున మరుగుదొడ్డి కట్టుట ఒకనాటి పని. దానిని శుభ్రముగా నిలుపుట నిత్యకృత్యము. కట్టిన దినమున ప్రారంభోత్సవము జరుగును, లెక్కలకెక్కును. కుళాయి చెడిన దినమున తలుపునకు తాళము పడును. అప్పుడు పురిటికి వచ్చిన స్త్రీ, విరేచనములతో వచ్చిన బిడ్డ ఎచ్చటికి పోవలెను? రోగము మాన్పవలసిన చోటనే రోగమంటుకొనును.

దీవులలో ఈ పని మరింత కష్టము. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము పడినను, ఏటవాలు నేలలపై నుండి నీరు త్వరగా సముద్రము పాలగును. వేసవిలో నీటికి కటకట. బ్లీచింగు పొడి తేమగాలికి క్లోరిన్ కోల్పోవును. నెలల తరబడి నిలువయున్న పొడి చల్లుట సున్నము చల్లుటతో సమానము. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు సరకులు ప్రధాన భూభాగము నుండి ఓడలపై రావలెను. అచ్చటి నుండి గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే 500 కిలోమీటర్లకు పైబడిన దూరము. సముద్రము అల్లకల్లోలమైనచో చిన్న వాషరు కొరకైనను ఓడకై ఎదురుచూడవలసినదే.

రైల్వే సోదరులకు ఈ సంగతి వివరింపనక్కరలేదు. కీమ్యాన్ ప్రతిదినము పట్టావెంట నడచి, వదులైన బిగింపులను సరిచేయుట చేతనే రైలు క్షేమముగా పోవును. ఆరోగ్య కేంద్రమునకు పారిశుధ్య కార్మికుడే కీమ్యాన్. అతనిని తాత్కాలికునిగా నుంచి, శాశ్వతమైన శుభ్రత కోరుట న్యాయము కాదు. 2015 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన కాయకల్ప పథకము ఆసుపత్రుల శుభ్రతకు మార్కులు, బహుమతులు ఇచ్చుచున్నది. మంచిదే. కాని తనిఖీ నాటి మార్కులు మరునాటి మురికిని కడుగవు.

కావున మేము కోరునవి ఇవి. ప్రతి కేంద్రమునకు శాశ్వత పారిశుధ్య కార్మికులు కావలెను. వారికి చేతితొడుగులు, బూట్లు, హెపటైటిస్-బి టీకా ఈయవలెను. వానకాలమునకు ముందే కప్పునీటిని నిలువచేయు తొట్లు సిద్ధపరుపవలెను. దీవి దీవిలోను కుళాయిలు, గొట్టములు నిలువ యుండవలెను. రోగి కల్యాణ సమితి సమావేశములలో మరుగుదొడ్ల స్థితి మొదటి అంశము కావలెను. రక్షణ లేకుండ మనిషిని సెప్టిక్ ట్యాంకులోనికి దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినదని ప్రతి అధికారికిని గుర్తుచేయవలెను.

మన శాఖలన్నియు వీనిని తమ కోర్కెలుగా తీర్మానించవలెనని కోరుచున్నాము. ఉత్తరము చేర్చువాని శ్రమ, పట్టా కాచువాని శ్రమ, మరుగుదొడ్డి కడుగువాని శ్రమ, ఈ మూడును ఆగిన దినముననే లోకమునకు కనబడును. ఆగకమునుపే చూడుడని చెప్పుటకే సంఘమున్నది.